డేటాబేస్‌లో చోటు ఎంత మిగిలింది?



ఆగస్టు వచ్చిందంటే కర్నూలు, కడప జిల్లాల్లో పొద్దున పేపరు చేతికి రాగానే చూపు శ్రీశైలం నీటిమట్టం మీదికే పోతుంది. పూర్తి మట్టం 885 అడుగులు. నిన్న ఎంత ఉంది, రాత్రికి రాత్రి ఎంత పెరిగింది, ఇన్‌ఫ్లో ఎంత, పోతిరెడ్డిపాడుకు ఎన్ని క్యూసెక్కులు వదిలారు? టీ అంగడి దగ్గర కూడా ఇవే మాటలు. నీళ్లకు మొహం వాచిన సీమ కాబట్టి నిల్వ లెక్క ఇక్కడ ప్రతి రైతుకూ తెలుసు.

ఈ జిల్లాల్లోనే ఇంకొక నిల్వ ఉంది. దాని లెక్క చాలాచోట్ల ఎవరూ చూడరు. ఆసుపత్రుల్లో, కాలేజీల్లో, బ్యాంకుల్లో, సహకార సంఘాల్లో, మార్కెట్ యార్డుల్లో నడిచే డేటాబేస్‌ల నిల్వ అది. వాటికి ఎంత చోటు కేటాయించారు, ఎంత నిండింది, మిగిలింది ఇంకెన్నాళ్లు సరిపోతుంది అని అడిగితే వెంటనే జవాబు చెప్పగలిగే మనిషి దొరకడం కష్టం. ఈ లెక్క చూడడానికి ఇప్పుడు ఏఐ ఏజెంట్ అనే కొత్త పనిముట్టు వచ్చింది. దాన్ని ఎలా వాడుకోవాలి, ఎంతవరకు నమ్మాలి, ఏ పని దాని చేతికి ఇవ్వకూడదు అన్నది ఈనాటి ప్రసంగం.

ముందుగా, మన సంగతులు డేటాబేస్‌ల్లోకి ఎలా చేరాయో గుర్తు చేసుకుందాం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1998లో కార్డ్ అనే పథకంతో రిజిస్ట్రేషన్ కార్యాలయాలు కంప్యూటర్ల బాట పట్టాయి. 2011లో మీసేవ వచ్చింది. 2015లో మీభూమి వచ్చింది, అడంగల్, 1బి తెరమీద కనిపించసాగాయి. 2025 జనవరిలో మన మిత్ర పేరుతో 161 సేవలు ఏకంగా వాట్సాప్‌లోకే వచ్చాయి. ఖరీఫ్‌లో వేసిన వేరుశనగ, పత్తి, ఉల్లి ఈ-పంటలో నమోదవుతున్నాయి. పొలం, పింఛను, బియ్యం, ఆసుపత్రి చీటీ, పిల్లల మార్కులు అన్నీ ఎక్కడో ఒక డేటాబేస్‌లో ఒక వరుసగా ఉన్నాయి.

బ్యాంకుల సంగతి చూడండి. కడప కేంద్రంగా పనిచేసిన రాయలసీమ గ్రామీణ బ్యాంకు, అనంతపురంలోని శ్రీ అనంత గ్రామీణ బ్యాంకు, నెల్లూరులోని పినాకిని గ్రామీణ బ్యాంకు 2006లో కలిసి ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకు అయ్యాయి. దాని ప్రధాన కార్యాలయం కడపలోనే ఉండేది. 2025 మే 1న రాష్ట్రంలోని నాలుగు గ్రామీణ బ్యాంకులు కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకుగా మారాయి. ఖాతాదారుకు కనిపించేది కొత్త బోర్డు, కొత్త పాసుబుక్కు. లోపల జరిగే పని చాలా పెద్దది. ఏ విలీనంలోనైనా వేర్వేరు చోట్ల పుట్టి పెరిగిన డేటాను ఒకచోటికి చేర్చాలి. చేర్చినంత కాలం పాతదీ ఉండాలి, కొత్తదీ ఉండాలి, మధ్యలో బ్యాకప్పులూ ఉండాలి. అంటే మామూలుగా కావలసిన చోటుకు ఎన్నో రెట్లు ముందే సిద్ధం చేసుకోవాలి. ఏ డేటాబేస్‌లో ఎంత ఉందో తెలియకుండా అలాంటి పనికి చేయి పెట్టలేరు.

ఇక మనందరికీ బాగా తెలిసిన మాట ఒకటి ఉంది: సర్వర్ డౌన్, రేపు రండి. దీనికి కారణాలు ఎన్నో ఉండవచ్చు. కరెంటు పోవచ్చు, కేబుల్ తెగవచ్చు, ఒకేసారి జనం మీద పడవచ్చు. ఆ కారణాల్లో ఒకటి, ముందే తెలిసి ఆపగలిగినది, నిల్వ నిండిపోవడం. కొత్త వరుస రాయడానికి చోటు లేకపోతే డేటాబేస్ రాయడం మానేస్తుంది. అంతకుముందు రోజు వరకు అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. మెల్లగా నిండి, ఒక్కసారిగా ఆగడం దాని స్వభావం.

ఇది చిన్న ఊళ్ల సమస్యే అనుకోకండి. 2023 ఆగస్టులో జపాన్‌లో టయోటా కంపెనీకి చెందిన 14 కార్ల ఫ్యాక్టరీలూ ఆగిపోయాయి. సైబర్ దాడి అని చాలామంది అనుమానించారు. కంపెనీ తేల్చిన కారణం వేరు. ఆగస్టు 27న మామూలుగా చేసే నిర్వహణ పనిలో భాగంగా డేటాబేస్‌లో పేరుకుపోయిన డేటాను తీసేసి సర్దుతుంటే డిస్క్‌లో చోటు చాలలేదు. విడిభాగాల ఆర్డర్లు చూసే సర్వర్లు ఆగిపోయాయి. ఆదుకోవలసిన బ్యాకప్ ఏర్పాటు కూడా అదే వ్యవస్థ మీద నడుస్తుండడంతో అదీ ఆగింది. ఎక్కువ చోటు ఉన్న సర్వర్‌లోకి డేటా మార్చాకే పని మళ్లీ మొదలైంది.

ఈ సంఘటనలో మనకు పాఠాలు రెండున్నాయి. మొదటిది, పాత డేటా తుడవడానికి కూడా చోటు కావాలి. తుడిచేటప్పుడు ఏదైనా తేడా వస్తే వెనక్కి రావడానికి డేటాబేస్ ఆ మార్పులన్నీ పక్కన రాసుకుంటుంది. ఆ రాతకే చోటు పోతుంది. కాబట్టి పూర్తిగా నిండాక శుభ్రం చేద్దామంటే కుదరదు, ముందే తెలుసుకోవాలి. రెండోది, అసలూ బ్యాకప్పూ ఒకేచోట ఉండకూడదు. 2009 అక్టోబర్‌లో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు నగరం నీట మునగడం చూసినవాళ్లకు ఈ మాట విడమరిచి చెప్పనక్కర లేదు.

ఇప్పుడు అసలు లెక్కలోకి వద్దాం. డేటాబేస్‌లో చోటు అంటే ఒక అంకె కాదు, కనీసం ఐదు అంకెలు. కేటాయించింది ఎంత, అందులో వాడింది ఎంత, ఖాళీ ఎంత, అది ఎంతవరకు పెరగడానికి అనుమతి ఉంది, అది కూర్చున్న డిస్క్‌లో నిజంగా ఎంత మిగిలింది. ఈ ఐదింటిలో ఏ ఒక్కటి చూసి మిగతావి వదిలేసినా మోసపోతాం.

మన జలాశయాలతో పోల్చి చెబితే ఇది తేలిగ్గా తెలుస్తుంది. తుంగభద్ర డ్యామ్ సామర్థ్యం 1953 నాటికి 132 టీఎంసీలకు పైనే. పూడిక చేరి చేరి, 2016 సర్వేలో అది 105.788 టీఎంసీలుగా తేలింది. పూర్తి మట్టం మాత్రం అప్పుడూ ఇప్పుడూ 1633 అడుగులే. మట్టం ఒక్కటే చూస్తే డ్యామ్ ఎప్పటిలాగే నిండినట్టు ఉంటుంది, సుంకేసుల కింద కేసీ కెనాల్ రైతుకు చేరే నీళ్ల లెక్క మాత్రం మారిపోయింది. డేటాబేస్ ఫైలు కూడా ఇలాగే ఉంటుంది. బయటి సైజు మారదు, లోపల పనికిరాని పాత వరుసలు పూడికలా కూర్చుంటాయి. గండికోట జలాశయాన్ని చూడండి. కట్టిన సామర్థ్యం 26.85 టీఎంసీలు, కానీ ముంపు గ్రామాల పునరావాసం తేలక ఎన్నో ఏళ్లపాటు అంత నింపలేకపోయారు. కాగితం మీద ఉన్న హద్దు వేరు, నిజంగా నింపగలిగే హద్దు వేరు. డేటాబేస్‌లో కూడా పెరగడానికి హద్దు లేదని సెట్టింగ్‌లో రాసి ఉండవచ్చు, కింద డిస్క్‌లో చోటు లేకపోతే ఆ రాత వల్ల ఒరిగేది ఏమీ లేదు.

ఇందులో ఒక్కొక్క డేటాబేస్‌ది ఒక్కొక్క తీరు. ఒరాకిల్‌లో టేబుల్‌స్పేస్ అనే భాగాలు ఉంటాయి, వాటి కింద డేటాఫైళ్లు ఉంటాయి. ఆటోఎక్స్‌టెండ్ పెట్టాం కదా, దానంతట అదే పెరుగుతుందని చాలామంది నిశ్చింతగా ఉంటారు. మామూలుగా వాడే 8 కేబీ బ్లాకు ఉన్న చిన్న తరహా డేటాఫైలు దాదాపు 32 జీబీ దగ్గర ఆగిపోతుంది. డిస్క్‌లో టెరాబైట్లు ఖాళీగా ఉన్నా ఆ ఫైలు ఇక పెరగదు. ఇంకొక ఫైలు చేర్చాలి. చేర్చకపోతే టేబుల్‌ను పెంచలేకపోతున్నానని ఓఆర్ఏ 01653 అనే ఎర్రర్ వస్తుంది. ఒరాకిల్ మీద పనిచేసేవాళ్లకు ఈ అంకె బాగా పరిచయం.

ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో డేటా ఫైలుతో పాటు మార్పులు రాసుకునే లాగ్ ఫైలు ఉంటుంది. పూర్తి రికవరీ పద్ధతిలో పెట్టి, లాగ్ బ్యాకప్ తీయడం మరచిపోతే ఆ లాగ్ పెరుగుతూనే పోతుంది. అసలు డేటా కంటే లాగే పెద్దదైపోతుంది. ఉచితంగా దొరికే ఎక్స్‌ప్రెస్ రకానికి 2008 ఆర్2 నుంచి 2022 దాకా వచ్చిన వెర్షన్లలో ఒక్కో డేటాబేస్‌కు 10 జీబీ హద్దు ఉంది. ఎక్స్‌ప్రెస్ మీద నడిచే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఉన్నవాళ్లు ఈ హద్దు గుర్తుపెట్టుకోవాలి.

పోస్ట్‌గ్రెస్‌లో ఒక వరుసను మార్చితే పాత ప్రతి వెంటనే పోదు, కొత్త ప్రతి పక్కన చేరుతుంది. వాక్యూమ్ అనే పని నడిచాక పాతదాని చోటు మళ్లీ వాడుకోవడానికి వీలవుతుంది. అయినా ఆ చోటు సాధారణంగా ఆ ఫైలు లోపలే ఉండిపోతుంది, డిస్క్‌కు తిరిగి రాదు. పూర్తిగా తిరిగి రావాలంటే వాక్యూమ్ ఫుల్ చేయాలి. అది జరుగుతున్నంతసేపు ఆ టేబుల్‌ను ఎవరూ ముట్టుకోలేరు, పైగా కొత్త ప్రతి రాసుకోవడానికి అదనపు చోటు కావాలి. మైఎస్‌క్యూఎల్‌లో పాత ఏర్పాటులో అన్ని టేబుళ్లూ ఐబీడేటా1 అనే ఒకే ఫైలులో కలిసి ఉండేవి. ఆ ఫైలు పెరగడమే కానీ తగ్గడం ఉండదు. 5.6 నుంచి ఒక్కో టేబుల్‌కు ఒక్కో ఫైలు మామూలు పద్ధతి అయింది, కానీ పాత సర్వర్లలో పాత ఏర్పాటే కొనసాగుతూ ఉండవచ్చు.

ఒక కాలేజీని ఊహించుకోండి. అడ్మిషన్లు ఒక సాఫ్ట్‌వేర్‌లో, పరీక్షలు ఇంకొకదానిలో, లైబ్రరీ వేరే, హాస్టల్ వేరే, బయోమెట్రిక్ హాజరు వేరే. ఒక్కొక్కటీ ఒక్కొక్క ఏడాది ఒక్కొక్క కంపెనీ దగ్గర కొన్నది. అడుగున ఒకదానికి ఒరాకిల్, ఒకదానికి మైఎస్‌క్యూఎల్, ఇంకొకదానికి ఎస్‌క్యూఎల్ సర్వర్. ఒక్కొక్కదాన్ని అడిగే క్వెరీ వేరు, వచ్చే జవాబు వేరు, కొలత కూడా వేరు. పెద్ద కంపెనీల్లో ఈ పనికి డీబీఏలు, అంటే డేటాబేస్ నిర్వాహకులు ఉంటారు. వాళ్లు స్క్రిప్టులు రాసుకొని, రోజూ పొద్దున నడిపి, ఎక్సెల్‌లో నింపి చూస్తారు. ఆళ్లగడ్డలోనో, ప్రొద్దుటూరులోనో, ఆదోనిలోనో ఉన్న సంస్థకు డీబీఏను పెట్టుకునే స్తోమత ఉండదు. ఉన్నది ఒక కంప్యూటర్ ఆపరేటరు, ఫోన్ చేస్తే ఎప్పుడో ఎత్తే హైదరాబాద్ కంపెనీ. ఏఐ ఏజెంటు నిజంగా అక్కరకు వచ్చేది ఈ చిన్న సంస్థలకే.

ఏజెంటు అంటే ఏమిటి? చాట్‌జీపీటీ, జెమినై, క్లాడ్ వంటివి మనకు తెలుసు. అడిగితే జవాబు రాస్తాయి. అలాంటి భాషా మోడల్‌కు కొన్ని పనిముట్లు ఇచ్చి, వాటిలో ఎప్పుడు ఏది వాడాలో తనే తేల్చుకోనిస్తే దాన్ని ఏజెంటు అంటున్నారు. మన పనిలో ఆ పనిముట్లు చాలా కొద్ది. ఏయే డేటాబేస్‌లు ఉన్నాయో జాబితా చూడడం, ఒకదానికి కనెక్ట్ కావడం, ఒక క్వెరీ నడపడం, వచ్చిన ఫలితం చదవడం. ఇలా మోడల్‌ను బయటి పనిముట్లకు కలపడానికి ఆంత్రోపిక్ సంస్థ 2024 నవంబర్‌లో మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ అనే ఒప్పందాన్ని అందరికీ విడుదల చేసింది. క్లుప్తంగా ఎంసీపీ అంటారు. 2025లో ఒరాకిల్ తన ఎస్‌క్యూఎల్‌సీఎల్ పనిముట్టులోనే ఎంసీపీ సర్వర్‌ను చేర్చింది. అంటే డేటాబేస్ తయారుచేసినవాళ్లే ఏజెంటు రావడానికి వాకిలి తెరిచారు.

ఆ కాలేజీ ఆపరేటరు ఇలా అడుగుతాడనుకుందాం: మన డేటాబేస్‌లన్నిటిలో ఈ నెల లోపల చోటు అయిపోయేలా ఉన్నవి ఏవి, ఏ లెక్క మీద చెబుతున్నావు? ఏజెంటు ముందు జాబితా తీస్తుంది. ఒరాకిల్ దగ్గరికి వెళ్లి డేటాఫైళ్ల వివరాలు, ఖాళీ వివరాలు చెప్పే డిక్షనరీ వ్యూలను అడుగుతుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్ దగ్గర వేరే క్వెరీ, పోస్ట్‌గ్రెస్ దగ్గర వేరే క్వెరీ. ఒకచోట నిండుదల ఎక్కువ కనిపిస్తే అక్కడితో ఆగదు. ఏ టేబుల్ ఎక్కువ తింటోందో చూద్దామని ఇంకో క్వెరీ వేస్తుంది. చివరికి అన్నిటినీ ఒకే కొలతలోకి మార్చి ఒక పట్టిక ఇస్తుంది. హాజరు డేటాబేస్‌లో ఎవరూ చూడని లాగ్ టేబులే సగానికి పైగా ఆక్రమించిందని తేలవచ్చు. ఇదంతా తెలుగులో అడిగి, తెలుగులో జవాబు తీసుకోవచ్చు. ఆ క్వెరీలు రాయడం రాని ఆపరేటరు కూడా తన సంస్థ డేటాబేస్‌ల పరిస్థితి తెలుసుకోగలడు. నాకు ఈ పనిముట్టులో అన్నిటికంటే నచ్చిన గుణం ఇదే.

ఇప్పుడు జాగ్రత్తల మాట. నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన మాట ఒకటే: ఏజెంటుకు చూపు ఇవ్వాలి, చేయి ఇవ్వకూడదు. చూసి చెప్పడం దాని పని. తుడవడం, కుదించడం, ఫైళ్లు చేర్చడం, హద్దులు మార్చడం మనిషి పని.

ఎందుకో రెండు సంఘటనలు చెబుతాను. 2020 డిసెంబర్ 14 సాయంత్రం మన దేశంలో ఐదు గంటలు దాటాక జీమెయిల్, యూట్యూబ్, గూగుల్ డ్రైవ్ అన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. ముప్పావు గంటకు పైగా ప్రపంచమంతా లాగిన్ కాలేకపోయింది. కారణం గూగులే తర్వాత వివరంగా ప్రకటించింది. వాడుకరుల గుర్తింపు చూసే సేవకు ఎంత వనరు కేటాయించాలో తేల్చే వ్యవస్థను అంతకుముందు మార్చారు. పాత వ్యవస్థ ముక్క ఒకటి మిగిలిపోయి, ఆ సేవ వాడకం సున్నా అని తప్పుగా చెబుతూ వచ్చింది. ఆ సున్నాను నమ్మి, కేటాయింపును తగ్గించే ఆటోమేటిక్ యంత్రాంగం దాని కోటాను కోసేసింది. చోటు చాలక కొత్త రాతలు ఆగిపోయాయి, దాంతో లాగిన్లు ఆగిపోయాయి. కొలత తప్పింది, ఆ తప్పు కొలత మీద యంత్రం మనిషిని అడగకుండా చర్య తీసుకుంది. అంత పెద్ద సంస్థలోనే ఇలా జరిగితే మన చిన్న సంస్థలో ఎంత జాగ్రత్తగా ఉండాలో ఆలోచించండి.

రెండోది 2025 జూలైలో జరిగింది. రెప్లిట్ అనే అమెరికా సాఫ్ట్‌వేర్ వేదిక మీద పనిచేస్తున్న ఒక ఏఐ ఏజెంటు, ఏమీ మార్చవద్దని చెప్పి ఉన్నా, వాడకంలో ఉన్న అసలు డేటాబేస్‌ను చెరిపేసింది. ఆ సంస్థ అధిపతి బహిరంగంగా క్షమాపణ చెప్పాడు. ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. వద్దని మాటతో చెప్పడం అడ్డుకట్ట కాదు. చేయలేని విధంగా అనుమతులు బిగించడమే అడ్డుకట్ట.

కాబట్టి ఏజెంటుకు ప్రత్యేకంగా ఒక యూజర్‌ను సృష్టించండి. అడ్మిన్ పాస్‌వర్డ్ ఎట్టి పరిస్థితిలోనూ ఇవ్వకండి. పోస్ట్‌గ్రెస్‌లో పీజీ మానిటర్ అనే రోల్ సరిగ్గా ఇలాంటి పరిశీలన కోసమే ఉంది. ఒరాకిల్‌లో కేటలాగ్ చూడడానికి మాత్రమే పనికొచ్చే రోల్ ఉంది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో సర్వర్ స్థితి చూసే అనుమతి వేరుగా ఉంది. అంతవరకే ఇవ్వండి. క్వెరీ ఎంతసేపు నడవవచ్చో సమయం హద్దు పెట్టండి. జనం రద్దీ ఉన్న వేళ బరువైన క్వెరీలు నడపకండి. ఏజెంటు వేసిన ప్రతి క్వెరీ ఒకచోట నమోదయ్యేలా చూడండి.

వ్యక్తిగత గోప్యత గురించి కూడా ఒక మాట. నిల్వ లెక్క చూడడానికి రోగి పేరు అవసరం లేదు, రైతు ఆధార్ అవసరం లేదు, విద్యార్థి మార్కులు అవసరం లేదు. టేబుల్ ఎంత పెద్దదో తెలిస్తే చాలు, దాని లోపల ఏముందో తెరవనక్కర లేదు. డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం మన దేశంలో 2023లో వచ్చింది. ఏఐ మోడల్ నడిచేది మన గదిలో కాకపోతే, అడిగిన ప్రశ్నా వచ్చిన ఫలితమూ బయటి సర్వర్‌కు వెళతాయి. అందుకే డేటా వరుసలు చదివే అనుమతి ఆ యూజర్‌కు అసలు ఉండకూడదు. ఈ పనిలో ఉన్న వెసులుబాటు ఇదే. జనం వివరాలు ఒక్కటి కూడా బయటపెట్టకుండా పూర్తి ప్రయోజనం పొందవచ్చు.

ఏజెంటు చెప్పిన అంకెను ఎంతవరకు నమ్మాలి? భాషా మోడల్ లెక్కలో పొరపాటు పడవచ్చు. అందుకే కూడికలు, శాతాలు డేటాబేస్ చేతనే చేయించాలి, మోడల్ వాటిని చదివి చెప్పాలి. ప్రతి అంకె పక్కన అది ఏ క్వెరీ నుంచి వచ్చిందో చూపించమని అడగాలి. పొరపాట్లు ఎక్కువగా జరిగే చోట్లు కొన్ని ఉన్నాయి. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఫైళ్ల సైజు 8 కేబీ పేజీల లెక్కలో ఉంటుంది. దాన్ని కేబీలని పొరబడితే జవాబు ఎనిమిదో వంతు అవుతుంది. నిండిపోయిన డేటాబేస్ ఖాళీగా ఉన్నట్టు కనిపిస్తుంది. ఒరాకిల్‌లో టెంపరరీ ఫైళ్లు వేరే వ్యూలో ఉంటాయి, మామూలు డేటాఫైళ్ల జాబితాలో కనపడవు. మైఎస్‌క్యూఎల్ ఇన్నోడీబీ టేబుళ్ల సైజులు కొన్నిచోట్ల అంచనాలే. మొదట్లో కొన్నాళ్లపాటు ఏజెంటు ఇచ్చిన పట్టికను తెలిసినవాళ్ల చేత చేత్తో సరిచూపించాలి. సరిపోయాకే రోజువారీ పనిలో పెట్టాలి.

శాతాన్ని ఒక్కదాన్నే చూసి కంగారుపడకూడదు, నిశ్చింతగానూ ఉండకూడదు. 10 జీబీ డేటాబేస్ 90 శాతం నిండితే మిగిలింది ఒక జీబీ. 10 టెరాబైట్లది 90 శాతం నిండితే మిగిలింది ఒక టెరాబైటు. రోజుకు ఎంత పెరుగుతోందో తెలిస్తేనే ఎన్నాళ్లు వస్తుందో తెలుస్తుంది. అందుకు ప్రతిరోజూ అంకెలు ఒకచోట దాచాలి. ఏజెంటుకు నిన్నటి సంగతి దానంతట అది గుర్తుండదు, మనం దాచి చూపిస్తేనే పోల్చగలదు.

పెరుగుదల కూడా ఏడాది పొడుగునా ఒకే తీరుగా ఉండదు. కాలేజీలో జూన్, జూలై అడ్మిషన్లకు ఒక్కసారి పెరుగుతుంది. ఖరీఫ్‌లో పంట నమోదుకు ఫొటోలతో సహా వచ్చి పడుతుంది. వానాకాలం జ్వరాలు మొదలైతే ఆసుపత్రి ఓపీ లెక్క పెరుగుతుంది. ఆదోని పత్తి మార్కెట్‌కు సరుకు వచ్చే నెలల్లో లావాదేవీలు పెరుగుతాయి. ఏప్రిల్ అంకెలు చూసి గీత గీసి, డిసెంబర్ దాకా చాలుతుందని ఏజెంటు చెబితే ఆ జవాబు నమ్మదగింది కాదు. స్థానికంగా పనిచేసే మనిషికి ఈ కాలక్రమం తెలుసు. ఆ తెలివిని ప్రశ్నలోనే చెప్పాలి: పోయిన ఏడాది ఇదే నెలలతో పోల్చి చెప్పు అని అడగాలి.

పాలన మారినప్పుడు కూడా లెక్క మారుతుంది. 2022 ఏప్రిల్ 4న కర్నూలు నుంచి నంద్యాల జిల్లా వేరుపడింది, కడప, చిత్తూరు భాగాలతో అన్నమయ్య జిల్లా ఏర్పడింది. ఇలాంటి మార్పు వచ్చినప్పుడల్లా రికార్డులు విడగొట్టాలి, పాత కోడ్‌తో ఒక ప్రతి, కొత్త కోడ్‌తో ఒక ప్రతి కొంతకాలం పక్కపక్కనే ఉంచాలి. అలాంటి నిర్ణయాల ముందు చోటు లెక్క చూసుకోవడం ఒక అలవాటుగా మారాలి.

ఇక అన్నిటికంటే బరువైన ప్రశ్న. చోటు తక్కువైందని తేలితే ఏం చేయాలి? ఏజెంటు తేలిగ్గా ఒక సలహా ఇస్తుంది, పాత డేటా తీసేయండి అని. ఇక్కడ ఆగి ఆలోచించాలి. యంత్రానికి అది కొన్ని జీబీలు మాత్రమే. మనిషికి అది సాక్ష్యం కావచ్చు. అడంగల్‌లో పేరు ఎప్పుడు మారింది, ఎవరు మార్చారు అని చెప్పే లాగ్ టేబుల్ ఒక చిన్న రైతుకు కోర్టులో ఉన్న ఒకే ఒక ఆధారం కావచ్చు. పదేళ్ల నాటి పరీక్ష మార్కులు ఉద్యోగం వచ్చిన అమ్మాయికి కావలసి రావచ్చు. ఫ్లోరైడ్ నీళ్లు తాగిన ఊళ్లలో పాత ఆసుపత్రి రికార్డులు రేపటి పరిశోధనకు పనికిరావచ్చు. ఏది ఎన్నేళ్లు ఉంచాలో చట్టం, శాఖ నిబంధనలు, సంస్థ బాధ్యులు తేల్చాలి. తేల్చింది కాగితం మీద రాసి ఉండాలి. నిజంగా వద్దనుకున్నది తీసేయవచ్చు. ఉంచవలసింది తక్కువ ఖర్చు డిస్క్‌లోకి మార్చి, అక్కడినుంచి తిరిగి తెరుచుకుంటోందో లేదో సరిచూడాలి. చోటు కోసం ఎవరి హక్కునూ చెరపకూడదు.

చివరిగా, ఈ పని మన ఊళ్లలో ఎవరు మొదలుపెట్టాలి? కర్నూలులో ట్రిపుల్ ఐటీ డీఎం ఉంది, జి. పుల్లారెడ్డి ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయం, కేఎస్ఆర్ఎం కాలేజీ, ఇడుపులపాయలో ఆర్‌జీయూకేటీ ఉన్నాయి. చివరి సంవత్సరం ప్రాజెక్టుల కోసం ఎక్కడెక్కడి ఉదాహరణలో వెతుక్కునే విద్యార్థులు ఇక్కడే ఉన్నారు. వాళ్లకు నా విన్నపం: తెలుగులో అడిగితే తెలుగులో జవాబు చెప్పే, చూడడమే తప్ప మార్చలేని నిల్వ పరిశీలన ఏజెంటును తయారుచేయండి. ముందు ఒక నకలు డేటాబేస్ మీద నడపండి. మీ కాలేజీ లెక్కలే మొదట చూడండి. తర్వాత పక్కనున్న ఆసుపత్రికి, సహకార సంఘానికి, మార్కెట్ యార్డుకు వాళ్ల అనుమతితో చూపించండి. ఇందుకు ఖరీదైన యంత్రాలు అక్కరలేదు. కావలసింది ఓపిక, నిజాయితీ, సరిచూసే అలవాటు.

సంస్థల బాధ్యులకు ఇంకొక విన్నపం. ప్రిన్సిపాల్ కావచ్చు, సూపరింటెండెంట్ కావచ్చు, సంఘం కార్యదర్శి కావచ్చు, ప్రతి సోమవారం మీ బల్ల మీదికి ఒక కాగితం రావాలి. మన డేటాబేస్‌లు ఎన్ని, ఒక్కొక్కదానిలో ఎంత నిండింది, ఈ తీరున పోతే ఏ తేదీకి నిండుతుంది, చివరి బ్యాకప్ ఎప్పుడు తీశారు, అది ఎక్కడ ఉంది? ఆ కాగితాన్ని ఏజెంటు తయారుచేయవచ్చు, దాని కింద సంతకం మాత్రం మనిషిది ఉండాలి. అలాంటి కాగితం ఇంతవరకు మీ దగ్గర లేకపోతే ఈ సోమవారమే అడగండి.